రైలు పేటలో పరమాన్నం

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే దేశంలో చాలామందికి అక్కడి పొడవైన ప్లాట్‌ఫారమో, 1951లో హిజ్లీలో మొదలైన తొలి ఐఐటీయో గుర్తుకు వస్తుంది గాని, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలకు మాత్రం అది కొన్ని తరాలుగా చుట్టాల ఊరు. తాతలనాడు రైల్వే కొలువు వెతుక్కుంటూ వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఏడాదిలో ఎక్కువ భాగం డ్యూటీ వేళలను బట్టి, షిఫ్టులను బట్టి బతుకుతున్నా, చైత్రం మొదలుకొని జ్యేష్ఠం దాకా సాగే ఎండాకాలంలో మాత్రం ఆ ఇళ్లలో తెలుగు పంచాంగానిదే పైచేయి అవుతుంది. ఉగాది, శ్రీరామనవమి, అమ్మవారి పూజ, ఆపైన పిల్లల వేసవి సెలవులు ఒకదాని వెంట ఒకటి వచ్చే ఆ మూడు నెలలను పరిశీలిస్తే, పండుగకు మందిరం ఎంత ముఖ్యమో వంటిల్లు అంతకంటే ముఖ్యమని, అక్కడ తయారయ్యే బెల్లం పరమాన్నం ఆ సమాజాన్ని ఇటు ఇరుగుపొరుగుతోనూ అటు సొంత ఊరితోనూ కలిపి ఉంచుతున్నదని స్పష్టమవుతుంది.

తెలుగువారు ఇంత పెద్ద సంఖ్యలో బెంగాల్ గడ్డమీద ఎందుకు ఉన్నారన్న ప్రశ్నకు సమాధానం రైలు పట్టాల చరిత్రలోనే ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అంటే పాతతరం నోట నేటికీ వినిపించే బీఎన్ఆర్, పందొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాల్లో ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎంచుకొని, ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే ఇంజన్లకు, పెట్టెలకు మరమ్మతులు చేసే భారీ వర్క్‌షాపును అక్కడ నెలకొల్పింది. అదే కాలంలో, 1893కూ 1896కూ మధ్య, విజయవాడ నుంచి కటక్ వరకు తూర్పు కోస్తా వెంట వేసిన రైలుమార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బీఎన్ఆర్ చేతికి వచ్చింది. ఇచ్ఛాపురం, పలాస, ఆమదాలవలస, చీపురుపల్లి, విజయనగరం వంటి స్టేషన్లున్న నేలా, ఖరగ్‌పూర్ వర్క్‌షాపూ ఒకే కంపెనీ కిందకు రావడంతో, వాన కురిస్తేనే పంట అన్నట్టుగా ఉన్న పల్లెల నుంచి కూలీలు, కమ్మరులు, వడ్రంగులు, పాయింట్స్‌మన్లు, ఫైర్‌మన్లు ఆ రైలెక్కడం సహజంగా జరిగిపోయింది. ఒకరు కుదురుకున్నాక తమ్ముణ్ణి, బావమరిదిని, పక్కింటి కుర్రవాణ్ణి రప్పించుకోవడం, వచ్చినవాడు మొదట అన్నగారి క్వార్టర్లోనే తలదాచుకోవడం ఆ వలసకు ఉన్న పద్ధతి.

అలా మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీల్లో తెలుగు వాడలు ఏర్పడ్డాయి గాని, అవి తెలుగువారు మాత్రమే ఉండే వాడలు ఎన్నడూ కావు. రైల్వే క్వార్టరును కులాన్నో భాషనో బట్టి గాక హోదాను, వరుసక్రమాన్ని బట్టి కేటాయిస్తారు కాబట్టి, ఒక గోడకు ఇవతల పలాస కుటుంబం ఉంటే అవతల బెంగాలీలో, ఒడియావారో, బీహారీలో, తమిళులో ఉండడం మామూలు. ఖరగ్‌పూర్‌ను మినీ ఇండియా అని పిలుచుకోవడానికి మూలం ఈ కేటాయింపు విధానమేనని చెప్పవచ్చు. 1927లో బీఎన్ఆర్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు ఈ భాషలన్నీ ఒకే పక్షాన నిలిచాయి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఆనాటి బీఎన్ఆర్ కార్మికోద్యమ నాయకుల్లో ఒకరు.

ఎండాకాలపు పంచాంగం

ఖరగ్‌పూర్ నేల ఎర్రటి లాటరైట్ నేల. సముద్రపు గాలి అంతగా అందని ఆ ప్రాంతంలో చైత్రం నుంచే ఎండ మండిపోతుంది. పక్కనే ఉన్న కలైకుండలో 2024 ఏప్రిల్ 30న 47.2 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైందంటే ఆ వేడి ఎలాంటిదో ఊహించుకోవచ్చు. అదే ఏడాది బడులకు వేసవి సెలవులను ముందుకు జరిపి ఏప్రిల్ 22 నుంచే ఇవ్వవలసి వచ్చింది. సాయంత్రం వేళ ఒక్కసారిగా మబ్బు కమ్మి, గాలి లేచి, ఉరుములతో కురిసే వానను బెంగాలీలు కాలబైశాఖి అంటారు. ఆ వాన పడిన రాత్రి తప్ప చల్లదనం అనేది ఎరగని ఆ రోజుల్లోనే ఆ ఊళ్లోని ప్రతి సమాజానికీ పండుగలు వరుస కడతాయి.

ఈ వరుసలో ఒక విశేషం ఉంది. తెలుగువారి ఉగాది చంద్రగమనాన్ని అనుసరించి చైత్ర శుద్ధ పాడ్యమినాడు వస్తుంది కనుక అది ఒక ఏడాది మార్చి చివరలోనూ మరో ఏడాది ఏప్రిల్ రెండో వారంలోనూ పడుతుంది. బెంగాలీల పొయ్‌లా బైశాఖ్, ఒడియావారి పణా సంక్రాంతి సూర్యగమనాన్ని అనుసరిస్తాయి కనుక ఏప్రిల్ 14, 15 తేదీల చుట్టూనే తిరుగుతాయి. ఉగాది ఏప్రిల్ 9న, శ్రీరామనవమి 17న వచ్చిన 2024 వంటి సంవత్సరాల్లో మూడు సమాజాల కొత్త ఏళ్లూ, రాములవారి కల్యాణమూ దాదాపు తొమ్మిది రోజుల వ్యవధిలో ఇమిడిపోతాయి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం శ్రీరామనవమికి మొదటిసారిగా సెలవు ప్రకటించింది కూడా ఆ సంవత్సరమే. అలాంటి వారంలో ఒకే మెట్ల వరుస మీద ఉన్న నాలుగు క్వార్టర్లలో ఏదో ఒక ఇంట్లో తీపి వండని రోజు ఉండదు.

శ్రీరామనవమికి తెలుగు ఇళ్లలో నివేదించే పానకం, వడపప్పు, చలిమిడి మూడూ ఎండకు విరుగుడుగా పుట్టినవే. బెల్లాన్ని నీటిలో కరిగించి మిరియాలు, శొంఠి, యాలకులు దంచి వేసేది పానకం. పెసరపప్పును నానబెట్టి పచ్చిగానే పంచేది వడపప్పు. తడి బియ్యప్పిండిలో బెల్లం కలిపి ముద్ద చేసేది చలిమిడి. పొయ్యి వెలిగించకుండానే సిద్ధమయ్యే ఈ మూడింటినీ చూస్తే, వంటింటి వేడిని కూడా లెక్కలోకి తీసుకున్న పూర్వుల వివేకం అర్థమవుతుంది. పొరుగున ఉండే ఒడియావారు ఆ రోజుల్లోనే మారేడు పండు గుజ్జుతో పణా చేసుకుంటారు. మేదినీపూర్ బెంగాలీలూ మారేడు షర్బత్ తాగుతారు. తెలుగింటి పానకపు చెంబు పక్కింటికి వెళ్లి మారేడు రసంతో తిరిగి రావడంలో వింతేమీ లేదు.

ఇక తెలుగు వాడల్లో జరిగే అమ్మవారి పూజను ఊరంతా మాతా పూజ అని పిలుస్తుంది. బెంగాల్ వారి శీతలా దేవి, ఉత్తరాంధ్ర గ్రామదేవతలు ఇక్కడ ఒకే తల్లిగా కలిసిపోయారు. వేడికాలం పొడుగునా గ్రామదేవతలను కొలవడానికి గట్టి కారణమే ఉండేది. మసూచి, అంటే పల్లెల్లో అమ్మవారు పోయడం అని చెప్పుకున్న వ్యాధి, పొడి వాతావరణం ఉన్న ఎండాకాలపు నెలల్లోనే విజృంభించేది. అందుకే వేపాకు, పసుపు నీళ్లు, చల్ది అన్నం, చలిమిడి ఆ తల్లికి ప్రీతిపాత్రమయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో మసూచి నిర్మూలన అయిందని ప్రకటించింది గాని, రోగం పోయినా మొక్కు మాత్రం మిగిలింది. ఆ మొక్కు తీర్చుకోవడానికి వేరే ఊళ్లలో స్థిరపడిన పిల్లలు ఇప్పటికీ రైలెక్కి వస్తారు.

గిన్నెలో జరిగేది

పైన చెప్పినవన్నీ నైవేద్యాలు. బంధువులు దిగినప్పుడు, స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు, పండుగనాటి విస్తట్లో మొదట వడ్డించేది మాత్రం పరమాన్నమే. పాలలో అన్నం ఉడికించి తీపి చేర్చే వంటకం ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. తుర్కీవారు సుత్లాచ్ అని, ఉత్తరాదివారు ఖీర్ అని, ఒడియావారు ఖిరి అని, బెంగాలీలు పాయేష్ అని దాన్నే వండుకుంటారు. ఖరగ్‌పూర్ ప్రత్యేకత ఏమిటంటే, ఈ వంటకాల్లో మూడు, ఒకే గోడకు అటూ ఇటూ, ఒకే వారంలో ఉడుకుతాయి. అందువల్ల వాటి మధ్య తేడాలు అక్కడి గృహిణులకు తెలిసినంత బాగా పాకశాస్త్ర గ్రంథాలకు కూడా తెలియవు.

తెలుగు పరమాన్నంలో ఒక వంతు బియ్యానికి అయిదారు వంతులు పాలూ నీళ్లూ కలిపి పోస్తారు. బియ్యంతో సమానంగా, తీపి ఇష్టపడే ఇళ్లలో ఇంకాస్త ఎక్కువగా, బెల్లం పడుతుంది. బియ్యాన్ని ముందు కొంచెం నీటిలో ఉడికించి, మెతుకు విచ్చుకుంటున్నప్పుడు పాలు పోసి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని సెగమీద కలుపుతూ ఉండాలి. మెతుకు వేళ్ల మధ్య నలిపితే పూర్తిగా మెదిగిపోవాలి. ఎందుకంటే తీపి పడిన తరువాత అన్నం ఇక ఉడకదు. చక్కెర నీటిని తనవైపు లాక్కోవడం వల్ల గింజలోని పిండిపదార్థానికి ఉబ్బి మెత్తబడే అవకాశం తగ్గిపోతుంది. పెద్దవాళ్లు ఈ సంగతిని “బెల్లం పడ్డాక బియ్యం బిగుస్తుంది” అన్న ఒక్క మాటలో చెప్పేస్తారు.

రెండో మెలకువ ఇంతకంటే కష్టమైనది. బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి, ఇసుకా చెరకు పీచూ పోయేలా వడగట్టి, కాస్త చల్లారనిచ్చి, పరమాన్నపు గిన్నెను పొయ్యి మీద నుంచి దించి, మరుగు పూర్తిగా ఆగిన తరువాతే కలపాలి. మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే పాలు విరిగి పలుకులు పలుకులుగా తేలతాయి. బెల్లంలో సహజంగా ఉండే ఆమ్లగుణమూ, ఖనిజ లవణాలూ పాలలోని కేసీన్ అనే మాంసకృత్తును ఆ వేడిమీద గడ్డకట్టిస్తాయి. ఎండాకాలంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఉదయం తెచ్చిన పాలు కొన్ని గంటల్లోనే కొంచెం పులుపెక్కుతాయి, నాలుకకు ఇంకా తెలియకపోయినా బెల్లానికి తెలిసిపోతుంది. కనుకనే ఖరగ్‌పూర్ ఎండలో పరమాన్నం వండే ఇల్లాలు తెల్లవారుజామునే పాలు కాచి, ఎండ ఎక్కకముందే గిన్నె దించేస్తుంది. చివరగా నేతిలో వేయించిన జీడిపప్పు, కిస్‌మిస్, ఎండుకొబ్బరి ముక్కలు, యాలకుల పొడి వేసి, ఉన్నవాళ్లు ఆవగింజంత పచ్చకర్పూరం రాల్చి, మూత పెడతారు. చల్లారేకొద్దీ పరమాన్నం చిక్కబడుతుంది కాబట్టి దించేటప్పుడు పలుచగా కనిపించడమే సరైన లక్షణం.

గోడ అవతలి పాయేష్ తీరు వేరు. బెంగాలీ వంటలో పాలనే ముఖ్యంగా తీసుకొని, సగానికి దగ్గరగా ఇగిరే దాకా మరిగించి, నెయ్యి పట్టించిన గోబిందభోగ్ బియ్యాన్ని పిడికెడు మాత్రమే వేస్తారు. గోబిందభోగ్ అంటే బర్ధమాన్ ప్రాంతంలో పండే పొట్టిగింజ పరిమళ బియ్యం, దానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. యాలకులతో పాటు బిర్యానీ ఆకు కూడా వేయడం, జీడిపప్పు వేయించకుండానే కలపడం అక్కడి అలవాటు. బెంగాలీలకు బెల్లం పాయేష్ చలికాలపు వంట. ఈతచెట్ల నుంచి కారే రసంతో కాచే నొలెన్ గుడ్ అనే కొత్త బెల్లం చలి నెలల్లోనే దొరుకుతుంది, అందుచేత వేసవి పాయేష్ చక్కెరతో తెల్లగా ఉంటుంది. తెలుగువారికి బెల్లం అంటే ప్రధానంగా చెరకు బెల్లం, అనకాపల్లి బజారు పేరు మోసిన బెల్లం. అది ఏడాది పొడుగునా ఇంట్లో ఉంటుంది. మండు వేసవిలో బెల్లపు రంగు తిరిగిన పాయసాన్ని రుచి చూడగలగడం బెంగాలీ పొరుగువారికి తెలుగు ఇల్లు ఇచ్చే ప్రత్యేకమైన కానుక, ఆ కానుకను వాళ్లు ఎంతో ఇష్టంగా అందుకుంటారు.

గిన్నెను వట్టిగా తిరిగి పంపకూడదన్నది తెలుగింటి ఆచారమే గాక ఆ ప్రాంతమంతటి ఆచారం. పొద్దున పరమాన్నంతో వెళ్లిన స్టీలు గిన్నె సాయంత్రానికి సందేశ్ ముక్కలతోనో, పచ్చిమామిడి పచ్చడితోనో, ఏమీ లేకపోతే కనీసం గుప్పెడు చక్కెరతోనో తిరిగి వస్తుంది. గిన్నెలు తారుమారు కాకుండా అడుగున ఇంటి యజమాని పేరు చెక్కించడం ఆ తరం అలవాటు, అందులో తెలుగు అక్షరాలతో చెక్కిన గిన్నెలు బెంగాలీ వంటిళ్లలోనూ, బెంగాలీ అక్షరాల గిన్నెలు తెలుగు వంటిళ్లలోనూ దొరకడం చూస్తే ఆ రాకపోకలు ఎంత పాతవో తెలుస్తుంది. ఒకే షాపులో ఒకే లేతు దగ్గర ముప్పయ్యేళ్లు పనిచేసిన ఇద్దరు మిత్రుల కుటుంబాలు ఒకరినొకరు “మాసీ”, “పిన్నిగారు” అని పిలుచుకుంటూ సాగించిన ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఏ సమైక్యతా సభకూ తీసిపోవు.

పాసు, పలాస, పెట్టె నిండా ఊరు

రైల్వే ఉద్యోగికి, అతని కుటుంబానికి ఏటా హోదాను, సర్వీసును బట్టి కొన్నిసార్లు ఉచితంగా ప్రయాణించడానికి ఇచ్చే అనుమతి పత్రాన్ని ప్రివిలేజ్ పాసు అంటారు. రాకపోకలు రెండూ కలిపి ఒక సెట్టు. ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో ఒక సెట్టు పాసును వేసవి సెలవుల కోసం దాచిపెట్టుకోవడం తరతరాలుగా వస్తున్న కట్టుబాటు. బడులు మూయగానే తల్లీపిల్లలు మద్రాసు వైపు వెళ్లే బండెక్కి, బాలాసోర్, భద్రక్, కటక్, బరంపురం దాటుకుంటూ ఇచ్ఛాపురం చేరగానే ప్లాట్‌ఫారం మీద తెలుగు కేకలు వినిపిస్తే కిటికీలకు అతుక్కుపోతారు. 1977లో మొదలైన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆ దూరాన్ని దగ్గర చేసింది గాని, చిన్న స్టేషన్లలో దిగవలసిన వారికి ప్యాసింజరూ ఎక్స్‌ప్రెస్సూ మారే శ్రమ తప్పలేదు.

తిరుగు ప్రయాణంలో పెట్టె బరువు రెట్టింపు అవుతుంది. పలాసలో ఒలిచిన జీడిపప్పు, అనకాపల్లి బెల్లపు అచ్చులు, విజయనగరం జిల్లా భీమాళి మామిడి తాండ్ర, కొత్త ఆవకాయ జాడీ, అమ్మమ్మ దంచి ఇచ్చిన కారం, ఇవన్నీ సర్దుకున్నాకే బట్టలకు చోటు. ఖరగ్‌పూర్ గోల్‌బజారులో జీడిపప్పు దొరకదని కాదు. దొరికినా, పలాస బద్ద వేయించినప్పుడు వచ్చే వాసనే పరమాన్నానికి సరైన వాసన అని ఆ ఇళ్ల నమ్మకం. పొరుగింటి బెంగాలీ దీదీ కూడా “ఈసారి మీ ఊరి కాజూ తెచ్చారా?” అని అడిగి మరీ తన వాటా తీసుకుంటుంది. రైల్వే వలస వల్ల మనుషులు పల్లెకు దూరమైనా, వంటింటి సరుకుల ద్వారా పల్లెతో ఉన్న సంబంధం ఏటా ఒకసారి కొత్తగా ముడిపడుతూనే ఉంది.

అయితే ఈ ముడి ఇటీవల సడలుతున్నదన్న మాటను దాచడం న్యాయం కాదు. వర్క్‌షాపు ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కు వచ్చే కాలం పోయింది. చదువుకున్న పిల్లలు కోల్‌కతాకు, హైదరాబాదుకు, బెంగళూరుకు వెళుతున్నారు. మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బయట బెంగాలీ, హిందీ ధారాళంగా మాట్లాడతారు గాని, తెలుగు చదవడం, రాయడం వచ్చినవాళ్లు తక్కువ. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో చేర్చడానికి ఆమోదం తెలపడం ఖరగ్‌పూర్ తెలుగువారు ఏళ్ల తరబడి చేసిన విన్నపాల ఫలం, వారు గర్వించదగిన ఘట్టం. కాని అధికార భాష హోదా బోర్డు మీదికీ దరఖాస్తు ఫారం మీదికీ రాగలదు, వంటింట్లోకి రావడం దాని వల్ల అయ్యే పని కాదు.

వంటింట్లో పోతున్నది మాటలతో పాటు కొలతలు కూడా. పాతతరం స్త్రీలకు పరమాన్నం లెక్క గిద్దల్లో, సోలల్లో, తవ్వల్లో, మానికల్లో ఉంటుంది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్న ఎక్కం వారికి చిన్ననాటే వచ్చిన విద్య. ఎంతమంది బంధువులు దిగితే ఎన్ని సోలల బియ్యం పోయాలో, దానికి ఎంత బెల్లపు అచ్చు కొట్టాలో వారు కాగితం చూడకుండా చెప్పగలరు. కోడళ్ల కాలానికి అది టీ గ్లాసుల్లోకి, మనుమరాళ్ల కాలానికి అర లీటరు పాల ప్యాకెట్లలోకి మారింది. మారడంలో తప్పులేదు, కాని ఒక కొలతను మరొక కొలతలోకి ఎవరూ రాసిపెట్టకపోవడం వల్ల, పెద్దావిడ కాలం చేసిన ఇంట్లో పరమాన్నం ఒకసారి ముద్దగా, ఒకసారి నీళ్లగా, ఒకసారి విరిగిపోయి వస్తున్నది. రెండుసార్లు చెడిన తరువాత ఆ ఇంట్లో పండుగకు మిఠాయి దుకాణం డబ్బా వస్తుంది. డబ్బాలోని మిఠాయి ఎంత రుచిగా ఉన్నా, దాన్ని స్టీలు గిన్నెలో పెట్టి పక్కింటికి పంపడానికి ఎవరికీ మనసు రాదు, అక్కడితో గిన్నెల రాకపోకలూ ఆగిపోతాయి. ఇల్లు వండుకునే తీపి తగ్గినకొద్దీ ఇరుగుపొరుగు సంబంధం తగ్గడం ఖరగ్‌పూర్‌కే పరిమితమైన విషయం కాదు గాని, రాకపోకల మీదే నిలబడిన ఆ ఊరికి అది మిగతా ఊళ్ల కంటే పెద్ద నష్టం.

కనుక ఖరగ్‌పూర్‌లో అమ్మమ్మలు, నాయనమ్మలు, మేనత్తలు ఉన్న పాఠకులకు ఒక విన్నపం. ఈ వేసవి సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లినప్పుడు, పెద్దవాళ్లు పరమాన్నం వండుతుండగా పక్కన కూర్చోబెట్టి, సోల ఎంతో, తవ్వ ఎంతో, ఏ గుర్తు చూసి గిన్నె దించాలో, బెల్లం ఎప్పుడు కలపాలో పిల్లల చేతనే తెలుగులో రాయించండి. తప్పులు వచ్చినా సరే, ఆ కాగితం కింద వండినావిడ పేరు, ఆమె పుట్టిన ఊరి పేరు, తేదీ రాయించి భద్రపరచండి. వీలైతే ఒక ప్రతి గోడ అవతలి ఇంటికి కూడా, పరమాన్నపు గిన్నెతో పాటు, పంపండి.